రైఫిల్ గొట్టంలో గార: పెరంబూరు బాల్కనీ డైరీ

సెప్టెంబర్ 29, ఆదివారం

మూడు వారాలుగా రైఫిల్లో తూటా పెట్టి బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) మూస్తుంటే చివర్లో కాస్త పట్టేస్తోంది. కొంచెం నొక్కితే మూసుకుంటుంది గానీ వేళ్లకు తేడా తెలిసిపోతోంది. దానికి తోడు 50 మీటర్ల దగ్గర ప్రోన్‌లో (అంటే బోర్లా పడుకొని) ఐదు కొడితే నాలుగు ఒకచోట పడి, ఐదోది ఏ కారణమూ లేకుండా పక్కకు పోతోంది. ఈ టార్గెట్ మీద పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒక్కటి పక్కకు పోయినా సిరీస్ పోయినట్టే. ఇన్నాళ్లూ నా ఊపిరి కుదరడం లేదేమో అనుకున్నాను.

నా పేరు మీద లైసెన్సు ఉన్నది పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ రైఫిల్. రెండేళ్లుగా దాన్ని శుభ్రం చేయడమంటే గుడ్డముక్కను నూనెలో ముంచి గొట్టంలోంచి రెండుసార్లు తోయడం, అంతే. ఇవాళ రేంజ్‌లో ఒక అక్క తన సన్నటి కెమెరా ఇచ్చింది. ఫోన్‌కి తగిలిస్తే 5.6 మిల్లీమీటర్ల గొట్టం లోపల కూడా చూపిస్తుంది. చాంబర్ (తూటా కూర్చునే చోటు) అయిపోయి గాడులు (గుండును తిప్పే చారలు) మొదలయ్యే చోట చుట్టూ నల్లటి పట్టీ కనిపించింది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉంది.

ఇంటికొచ్చి ఆ వీడియో నాన్నకు చూపించాను. నాన్న రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో టర్నర్‌గా చేసి రిటైరయ్యాడు. గొట్టాల లోపలి నునుపు గురించి ఆయనకు చెప్పాల్సిన పని లేదు. కళ్లజోడు పైకెత్తి, ఫోన్ దగ్గరికి తెచ్చుకొని చూసి, "ఇది గారమ్మా. పంటికి పట్టినట్టు పట్టింది" అన్నాడు.

ఆ మాట సరిగ్గా సరిపోయింది. మందు మసి, తూటా మీది మైనం, సీసం కలిసి వేడికి గట్టిపడితే అదే అవుతుంది. కొత్త తూటా ముక్కు ఆ గారను ఒరుసుకుంటూ లోపలికి వెళ్తోంది కాబట్టే బోల్ట్ పట్టేస్తోంది.

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే మోకాలిపై, పడుకొని, నిలబడి కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచీ నాన్నకు ఈ ఆట మీద మక్కువ పెరిగింది. ఆ అబ్బాయి సెంట్రల్ రైల్వే ఉద్యోగి అని తెలిసిన రోజు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. ఈ పనిలో నాన్న కూడా ఉంటానన్నాడు. రైఫిల్‌ను ముట్టుకునేది మాత్రం నేనే, లైసెన్సు నాది కాబట్టి. సాల్వెంట్లు (మురికిని కరిగించే ద్రవాలు), ప్రయోగాలు నాన్నవి.

అక్టోబర్ 2, బుధవారం

సెలవు. నాన్న చూపిన మొదటి దారి నేను ఊహించిందే. "కిరసనాయిలు పోసి నానబెట్టు, ఊడొస్తుంది." అటక మీద పాత సీసా ఒకటి ఉందట. రెండో దారి బ్రాసో. అది వద్దన్నాను. బ్రాసోలో రాపిడి పొడి, అమ్మోనియా రెండూ ఉంటాయి. ఇత్తడి గంటకు మంచిదే గానీ గాడుల అంచులు అరిగిపోతే మళ్లీ రావు.

నేను ప్లస్ టూ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. క్లాసులో మొదట అడిగే ప్రశ్న ఏది కరగాలి అని, దేనిలో కరుగుతుంది అనేది ఆ తర్వాతే. అదే ప్రశ్న ఇక్కడ వేసుకుంటే నా గొట్టంలో మూడు మురికులు తేలాయి. మైనం, జిడ్డు ఒకటి. మసి, గార రెండోది. సీసం మూడోది. పాయింట్ 22 తూటా మామూలుగా మైనం పూసిన సీసమే, పైన రాగి తొడుగు ఉండదు. కాబట్టి రాగి నాకు సమస్యే కాదు. దుకాణాల్లో అన్నిటికంటే ఘాటైనవని అమ్మేవి మాత్రం రాగి తీసేవే. రాత్రి ఈ సంగతి నోట్‌బుక్‌లో రాసుకొని కింద రెండు గీతలు పెట్టాను.

అక్టోబర్ 6, ఆదివారం

రేంజ్‌లో శుభ్రం చేసే బల్ల దగ్గర ఇవాళ చూసింది వివరంగా రాసి పెట్టుకుంటున్నాను. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

ఒక కుర్రాడు తన పాయింట్ 22 గొట్టంలో అమ్మోనియా ఉన్న రాగి సాల్వెంట్ పోసి, కంచు బ్రష్‌తో తోముతున్నాడు. గుడ్డముక్క తోసిన ప్రతిసారీ నీలం రంగు వస్తోంది. "ఇంకా రాగి ఉందక్కా, వస్తూనే ఉంది" అన్నాడు. అప్పటికి నలభై నిమిషాలుగా తోముతున్నాడట. బల్ల దగ్గర నిలబడితే ముక్కు, కళ్లు మండుతున్నాయి.

బ్రష్ బయటికి తీయమన్నాను. తెల్ల గుడ్డ మీద బ్రష్ పెట్టి, అదే సాల్వెంట్ నాలుగు చుక్కలు వేసి, టీ తాగి వచ్చాం. గుడ్డ మీద బ్రష్ ఆకారంలోనే నీలం మరక తేలింది. అది గొట్టంలోని రాగి కాదు, బ్రష్‌లోని రాగి. కంచులో ఎక్కువ భాగం రాగే కదా. గుడ్డను తోసే ఇత్తడి మొనతో కూడా ఇదే జరుగుతుంది. రాగి కోసం అమ్మోనియా వాడాల్సి వస్తే నైలాన్ బ్రష్ వాడాలి. అప్పుడే ఆ నీలం నిజం చెబుతుంది.

పక్క బల్ల మీద ఒక పెద్దాయన పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. దాని గుండుకు తొడుగు ఉంటుంది, వేగమూ ఎక్కువ. ఆయనకు రాగి సాల్వెంట్ నిజంగానే కావాలి. సీసా మీద రాసిన సమయం దాటకుండా, నైలాన్ బ్రష్‌తో, ఆరుబయట వాడి, తర్వాత పూర్తిగా తుడిచి నూనె రాస్తాడు. అదే సీసా కుర్రాడి బల్ల మీద పనికిరాలేదు.

రాత్రి చెబితే నాన్న, "రాగి చెంబుకు చింతపండు పెడతాం, ఇనప పెనానికి పెడితే ఏమవుతుంది? తెల్లారేసరికి తుప్పు" అన్నాడు. రేపు క్లాసులో ఈ పోలిక వాడుకుంటాను.

అక్టోబర్ 12, శనివారం

పొద్దున పుదుపేట వెళ్లాం. బండి సామాన్ల కొట్లో ఆటోమేటిక్ గేర్ల ఆయిల్ ఒక లీటరు కొన్నాం. తిరిగి వస్తూ పెయింట్ కొట్లో ఎంటీఓ, అంటే మినరల్ టర్పెంటైన్ ఒక డబ్బా తీసుకున్నాం. పెయింట్ కొట్టాయన థిన్నర్ ఇవ్వబోయాడు, "ఇదైతే అన్నీ లేపేస్తుందమ్మా" అంటూ. థిన్నర్‌లో టాల్యూయీన్ లాంటివి ఉంటాయి. రైఫిల్ మడమకు (భుజానికి ఆనే చెక్కకు) వేసిన పాలిష్‌ను కూడా అది లేపేస్తుంది. మూత తీస్తేనే తల పట్టేసే వస్తువును మూడేళ్ల పిల్లవాడున్న రెండు గదుల ఇంట్లోకి తేలేను.

ఇవి తెచ్చింది అమెరికాలో సి.ఇ. హ్యారిస్ ప్రచారంలోకి తెచ్చిన "ఎడ్స్ రెడ్" అనే ఇంటి మిశ్రమం కోసం. అందులో నాలుగు సమభాగాలు: కిరసనాయిలు, మినరల్ స్పిరిట్, ఆటోమేటిక్ గేర్ ఆయిల్, ఎసిటోన్. మన ఎంటీఓ మినరల్ స్పిరిట్ లాంటిదే. మొదటి రెండూ మైనాన్నీ జిడ్డునూ కరిగిస్తాయి. గేర్ ఆయిల్ మసిని పట్టి ఉంచుతుంది, తర్వాత పల్చటి పొరగా మిగిలి తుప్పు రాకుండా చూస్తుంది. నాలుగోదైన ఎసిటోన్ దగ్గరే నేను ఆగిపోయాను.

ఎసిటోన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకు దిగువన 20 డిగ్రీలు. ఆ వేడి వద్దే దాని ఆవిరి నిప్పు అందుకోగలదు. మద్రాసులో అంతకంటే చల్లటి రోజు ఎప్పుడూ రాదు. ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. మా ఇంట్లో నేల మట్టాన ఉండేవి రెండు: దేవుడి గూట్లో అమ్మ పెట్టే దీపం, బొమ్మ రైళ్లతో ఆడుకునే మా బాబు. బాల్కనీ తలుపు నుంచి దీపం దాకా కొలిచి చూశాను. నాలుగు అడుగులు.

ఎసిటోన్ తీసేశాను. మూడు భాగాలతోనే చేస్తాను.

కిరసనాయిలు కూడా పూర్తిగా నిరపాయం కాదు. మన ప్రమాణం ప్రకారం దాని ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మద్రాసు మధ్యాహ్నం దాన్ని దాటుతుంది. కాబట్టి ఈ పని ఎండాకాలంలో పొద్దున్నే చేసుకోవాలి, అదీ దీపం, స్టవ్, అగరొత్తులు ఏవీ వెలగనప్పుడు.

అక్టోబర్ 16, బుధవారం

వాన. బడికి సెలవు. బయటి పని ఏదీ సాగలేదు. నాన్న తన పాత కథ ఒకటి చెప్పాడు, ఇదివరకు ఎప్పుడూ చెప్పనిది.

రైల్వేలో చేరకముందు ఆయన ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేశాడు. లేత్ మీంచి తీసిన ముక్కల జిడ్డు పోవడానికి ఒక తొట్టెలో ట్రైక్లోరో వాడేవారట. తీయటి వాసన. వేసవిలో ఆ తొట్టె దగ్గర గంటసేపు ఉంటే తాగినట్టు తూలేవారు. "సాయంత్రం సైకిల్ తొక్కలేకపోయేవాణ్ణి. అందరూ అలాగే ఉన్నారు కదా అని ఎవరూ అడగలేదు" అన్నాడు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిది.

ఇప్పుడు ట్రైక్లోరోఎథిలీన్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. బెంజీన్ కూడా ఆ వర్గంలోదే. పెట్రోల్‌తో గొట్టం కడిగేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. బీఎస్ సిక్స్ పెట్రోల్‌లోనూ ఒక శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. పెట్రోల్‌తో నిప్పు భయం ఎలాగూ ఉంది, ఈ రెండోది కంటికి కనిపించదు. స్ప్రే డబ్బాల్లో వచ్చే బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ రకాలు ఉంటాయి. కొన్నిట్లో ఎన్-హెక్సేన్ ఉంటుంది, అది ఎక్కువ కాలం పీలిస్తే చేతులు కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. క్లోరిన్ రకాలు మంట మీద పడితే ఫాస్జీన్ వస్తుంది.

ఏ సీసా కొన్నా దాని సేఫ్టీ డేటా షీట్ అడిగి చూస్తున్నాను. పదహారు భాగాలుంటాయి. నాకు ముందు కావాల్సినవి రెండే: మూడో భాగంలో ఏమేం కలిపారు, తొమ్మిదో భాగంలో ఫ్లాష్ పాయింట్ ఎంత.

అక్టోబర్ 20, ఆదివారం

సీసం పరీక్ష మొదలుపెట్టాను. "ఇది సీసాన్ని కరిగిస్తుంది" అని ప్రతి సాల్వెంట్ గురించీ ఎవరో ఒకరు అంటారు. చూద్దామని ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు పదేసి చొప్పున నాలుగు గాజు సీసాల్లో వేశాను. కిరసనాయిలు, ఎంటీఓ, మా మూడు భాగాల మిశ్రమం, బడి ల్యాబ్ లోనే ఉన్న కొద్దిపాటి ఎసిటోన్. బంగారం తూచే చిన్న త్రాసు మీద పది పెల్లెట్లు 5.3 గ్రాముల దగ్గర తూగాయి. మూతలు బిగించి బడి ల్యాబ్ అలమరలోనే పెట్టి తాళం వేశాను. ఇంట్లో పెట్టలేదు.

ఇంకో సీసాలో రాగి తీగ, అమ్మోనియా ద్రావణం. అది పరీక్ష కాదు, పిల్లలకు చూపించడానికి. మధ్యాహ్నానికే లేత నీలం తిరిగింది.

అక్టోబర్ 27, ఆదివారం

వారం గడిచింది. తుడిచి, ఆరబెట్టి, తూచాను. నాలుగు సీసాల్లోనూ బరువు మారలేదు.

పెట్రోలియం సాల్వెంట్ ఏదీ సీసాన్ని కరిగించదు. అది మైనం కిందికి, మసి కిందికి పాకి పట్టు వదిలిస్తుంది. ఊడదీయాల్సింది కంచు బ్రష్. ఈ ఒక్క సంగతి తెలిశాక ఘాటైన సీసా కోసం వెతకడం మానేశాను. నాకు కావాల్సింది తొందరగా ఆరిపోకుండా గొట్టంలో నిలిచి, నెమ్మదిగా పాకేది. ఎసిటోన్ లేకపోవడం వల్ల నాకు నష్టం లేదని కూడా తేలింది. అది ఎలాగూ నిమిషాల్లో ఎగిరిపోతుంది.

సీసాన్ని నిజంగా కరిగించేది ఒకటుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రావణం. చాలామంది చిట్కాగా చెప్పుకుంటారు. దయచేసి ఎవరూ చేయకండి. అందులో తయారయ్యేది లెడ్ ఎసిటేట్. నీళ్లలో కరుగుతుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగలదు. గొట్టంలో ముద్దగా ఉన్న సీసం కంటే చాలా ప్రమాదం. రుచికి తియ్యగా ఉంటుంది, పూర్వం దానికి సీసపు చక్కెర అనే పేరుండేది. పిల్లలున్న ఇంట్లో అలాంటిది ఒక గిన్నెడు తయారుచేయడం తలచుకుంటేనే నాకు వణుకు.

నాన్న గార పరీక్ష వేరేగా చేశాడు. స్కూటర్ మెకానిక్ దగ్గర నల్లబడిన పాత స్పార్క్ ప్లగ్గులు అడిగి తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో ద్రవంలో రాత్రంతా ఉంచాడు. మెత్తటి మసి అన్నిట్లోనూ వదిలింది. గట్టిగా పేలుకుపోయింది దేనిలోనూ దానంతట అది ఊడలేదు. మిశ్రమంలో నానినదాన్ని మాత్రం పళ్లు తోమే పాత బ్రష్‌తో రుద్దితే పొరలుగా లేచింది. కిరసనాయిలుది దాని తర్వాత.

నవంబర్ 3, ఆదివారం

దీపావళికి మూడు రోజులు బాల్కనీ నిండా దీపాలే. సాల్వెంట్ పని ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం జరిగింది రాయాలి.

మిశ్రమం కలిపాక మిగిలిన కిరసనాయిలును నాన్న ఒక ఖాళీ మంచినీళ్ల బాటిల్లో పోసి వంటింటి గట్టు మీద పెట్టాడు, తర్వాత పైకి సర్దుదామని. బాబు స్టూలు లాక్కొచ్చుకొని ఎక్కి, బాటిల్ రెండు చేతులతో పట్టుకొని మూత తిప్పుతున్నాడు. అమ్మ చూసింది. మూత ఇంకా రాలేదు.

కిరసనాయిలు తాగిన పిల్లలకు అసలు అపాయం పొట్టలో కాదు, ఊపిరితిత్తుల్లో. పల్చగా ఉంటుంది కాబట్టి దగ్గినా, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి జారిపోయి అక్కడ వాపు తెస్తుంది. అందుకే వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ బాటిల్ ఆ గట్టు మీద ఉందని నేను చూడలేదు.

నాన్న రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచేసరికి రేకు డబ్బా కొనుక్కొచ్చాడు, మర మూతది. "ఇకనుంచి తాగే బాటిల్లో ఏదీ పోయనమ్మా" అన్నాడు. డబ్బా మీద ఎర్ర పెయింటుతో తెలుగులో, తమిళంలో "విషం" అని రాశాడు. బీరువా పైన గొళ్లెం ఉన్న పెట్టె ఒకటి బిగించాడు. డబ్బా, బ్రష్‌లు, గుడ్డలు అన్నీ ఇప్పుడు అందులోనే. రైఫిల్ ఎప్పటిలాగే వేరే తాళంలో.

నవంబర్ 10, ఆదివారం

మొదటి పూర్తి శుభ్రం. పొద్దున ఆరున్నర. బాబును వాళ్ల నాన్న పార్కుకు తీసుకెళ్లాడు. దీపం ఇంకా వెలిగించలేదు, స్టవ్ ఆపేశాం. టేబుల్ ఫ్యాన్ నా వెనక, గాలి బయటికి పోయేట్టు. గదిలో తూటాలు లేవు. మ్యాగజైన్ తీసి, బోల్ట్ తీసేసి, చాంబర్‌లోకి కంటితో చూశాను, వేలితో కూడా చూశాను.

గొట్టం మూతి కొంచెం కిందికి వాలేట్టు రైఫిల్‌ను ఆనించాను. వెనక్కి వాలితే సాల్వెంట్ ట్రిగర్‌లోకి, చెక్కలోకి దిగుతుంది. పూత వేసిన ఒకే ముక్క రాడ్, వెనక నుంచి గైడ్ (రాడ్ పక్కకు తగలకుండా పట్టే గొట్టం) పెట్టి. మూతి వైపు నుంచి రాడ్ ఎప్పుడూ పెట్టను. గుండు ఆఖరున వదిలే అంచు అదే. నాన్న తలుపు దగ్గర కూర్చొని ఆ అంచును చూపిస్తూ, "లేత్ మీద ఇంత శుభ్రంగా తీయడానికి మాకు రోజంతా పట్టేది. రాడ్ అక్కడ తగలనివ్వకు" అన్నాడు.

పాత బనియన్ నుంచి కత్తిరించిన గుడ్డముక్కలు. మొదటిది మిశ్రమంలో తడిపి తోశాను. నల్లగా, వేళ్లకు జారేట్టు వచ్చింది. అది మైనం. రెండోది, మూడోది కూడా తడివే తోసి ఇరవై నిమిషాలు వదిలేశాను. తర్వాత కంచు బ్రష్ పదిసార్లు, ఒకే దిశలో. మూతి బయటికి వచ్చిన ప్రతిసారీ బ్రష్ విప్పి, రాడ్ వెనక్కి లాగి, మళ్లీ బిగించి. ఓపిక పరీక్షించే పని. గార ఉన్నచోట కొంచెం లావు బ్రష్ పెట్టి నెమ్మదిగా తిప్పాను.

ఆ తర్వాత వచ్చిన గుడ్డముక్కను ఎండలోకి తీసుకెళ్లి చూశాను. నలుపు మధ్యలో వెండి రంగు పొలుసులు, చేప పొలుసుల్లా సన్నగా, పదో పన్నెండో. ఒకదాన్ని చెక్కపుల్లతో నొక్కితే మెత్తగా సాగింది. సీసం. రెండేళ్లుగా అది లోపలే ఉంది.

తొమ్మిదో గుడ్డ బూడిద రంగులో, పన్నెండోది దాదాపు తెల్లగా వచ్చాయి. రెండు పొడి గుడ్డలు తోసి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేసిన గుడ్డతో ముగించాను.

చేతులకు నైట్రైల్ తొడుగులు. ఈ మిశ్రమానికి అవి చాలు. ఎసిటోన్ ఉంటే చాలవు, అది నైట్రైల్ గుండా త్వరగా దిగిపోతుంది. పని అయ్యాక బల్ల తడిగుడ్డతో తుడిచాను. పొడిగా ఊడిస్తే సీసపు దుమ్ము లేస్తుంది. తూటాలో మందును అంటించే ప్రైమర్‌లో కూడా సీసపు సమ్మేళనం ఉంటుంది కాబట్టి ఆ మసి కూడా వట్టి మసి కాదు. చేతులు, మోచేతుల దాకా సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకున్నాకే బాబును ఎత్తుకున్నాను. ఆ బట్టలు వేరుగా ఉతికాను. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదు.

వాడిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయలేదు. విప్పి, బాల్కనీ తీగ మీద ఆరేసి, తర్వాత మూతున్న రేకు డబ్బాలో వేశాను. రేంజ్‌లో వీటికి వేరే డ్రమ్ము ఉంది. సింకులో ఒక్క చుక్క పోయలేదు. మడమకు అవిసె నూనె రాసే వాళ్లు ఆ గుడ్డల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డ దానంతట అదే అంటుకోగలదు.

నవంబర్ 17, ఆదివారం

రేంజ్. బోల్ట్ ఇప్పుడు రెండు వేళ్లతో మూసుకుంటోంది. మొదటి పది గుండ్లు చెదిరాయి. గొట్టానికి మళ్లీ మైనం పొర పట్టేదాకా అంతే. పదిహేను దాటాక దగ్గరపడ్డాయి.

డిసెంబర్ 2, సోమవారం

తుప్పు పరీక్షకు తుఫాను తోడైంది. నాన్న ఇనప పట్టీలు ఆరు కోసి, ఎమరీతో మెరిసేట్టు రుద్ది, నంబర్లు చెక్కి ఇచ్చాడు. 28వ తేదీ సాయంత్రం బాల్కనీలో, వాన తగలని మూల తీగకు వేలాడదీశాం. శనివారం ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ విమానాశ్రయం కూడా మూసేశారు. గాలిలో ఉన్న తేమకు గోడలు చెమర్చాయి.

ఏమీ రాయని పట్టీ, ఎసిటోన్‌తో తుడిచిన పట్టీ మర్నాటి పొద్దుటికే నారింజ రంగు తిరిగాయి. రెండోది ఇంకా ఎక్కువ, ఉన్న జిడ్డు కూడా పోయింది కాబట్టి. కిరసనాయిలు రాసినదానికి మూడో రోజు మచ్చలు. నాన్న ఆ పట్టీని చాలాసేపు చేతిలో పట్టుకొని చూశాడు. జీవితమంతా కిరసనాయిలే తుప్పు ఆపుతుందనుకున్నాడు పాపం. అది శుభ్రం చేస్తుంది, కాపాడదు. కుట్టు మిషన్ నూనె పట్టీకి అంచున రెండు చుక్కలు. మిశ్రమం రాసినదానికి ఇవాళ ఒక మూల సూదిమొన అంత చుక్క.

ఆరోది నాకు ఎక్కువ నేర్పింది. దాన్ని నీళ్లతో తడిపి, సరిగ్గా ఆరనివ్వకుండా పైన నూనె రాశాం. నూనె పొర చెక్కుచెదరలేదు, దాని కింద తుప్పు. పాత మిలిటరీ తూటాలు కాల్చేవాళ్లకు ఇది అవసరమైన సంగతి. వాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాలాక ఉప్పు లాంటి పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే పూర్వం సైనికులు గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. ఆ వేడికే గొట్టం ఆరిపోతుంది, అప్పుడు నూనె. నా తూటాల్లో ఆ ఉప్పు లేదు, కాబట్టి నా గొట్టంలో నీళ్లకు పని లేదు.

డిసెంబర్ 15, ఆదివారం

మొదటి శుభ్రం తర్వాత ఇప్పటికి 240 గుండ్లు. ఇవాళ రెండోసారి చేశాను. ఈసారి మూడు తడి గుడ్డలు, బ్రష్ ఆరుసార్లు, అరగంటలో పని అయింది. నాలుగో గుడ్డే బూడిద రంగులో వచ్చింది. వెండి పొలుసులు రెండే.

అక్క కెమెరా మళ్లీ అడిగి తెచ్చుకున్నాను. గార పట్టీ చాలావరకు పోయింది. గొట్టం అడుగు వైపు, గడియారంలో ఆరు ఉండే చోట, గోరు అంచంత మిగిలింది. రాపిడి పేస్టుతో రుద్దితే ఒక్కరోజులో పోతుందని రేంజ్‌లో ఇద్దరు చెప్పారు. రుద్దను. బోల్ట్ పట్టడం లేదు, గుండ్లు ఒకచోటే పడుతున్నాయి. గత ఆదివారం ఒక సిరీస్‌లో పదీ నల్లటి వృత్తం మధ్యలోనే పడ్డాయి, అందులో ఏడు పది వలయానివి. మిగిలిన ఆ కాస్త గారను ప్రతిసారీ ఇరవై నిమిషాలు నానబెట్టి చూస్తాను. మరో 300 గుండ్ల తర్వాత మళ్లీ కెమెరా.

మిశ్రమం డబ్బాలో సగానికి దిగింది. నాన్న మూత మీద ఇవాళ్టి తేదీ రాసి, బీరువా పైన పెట్టెలో పెట్టి, గొళ్లెం రెండుసార్లు లాగి చూశాడు.